హైపో ద్రావణమూ ఒక గన్‌మెటల్ రిపోర్టూ

1962 జూన్‌లో నన్ను ఖరగ్‌పూర్‌లోని రైల్వే ప్రయోగశాలకు కెమికల్ అసిస్టెంటుగా బదిలీ చేశారు. అంతకుముందు మూడేళ్ళు ఇంకో స్టేషనులో ఇంజన్ల బాయిలరు నీళ్ళు పరీక్షించే పని చేశాను. ఖరగ్‌పూర్‌లో లోహాలు అప్పగించారు. మా ఉద్యోగంలో అది ఒక మెట్టు ఎక్కినట్టే. మలంచాలో ఒక గది అద్దెకు తీసుకుని సైకిలు మీద పనికి వచ్చేవాణ్ణి.

ప్రయోగశాల రైల్వే కార్ఖానా గోడకు బయట ఉండేది. ఎర్ర ఇటుకల పొడవాటి షెడ్డు. సూపరింటెండెంటు భట్టాచార్య గారు. ఆయన కింద ముగ్గురం అసిస్టెంట్లం, ఇద్దరు ఖలాసీలు. రిపోర్టు మీద ముందు పరీక్ష చేసిన అసిస్టెంటు సంతకం, దాని కింద సూపరింటెండెంటు సంతకం ఉండాలి. రెండు సంతకాలూ పడ్డాక ఆ కాగితాన్ని కార్ఖానాలో ఎవరూ ప్రశ్నించేవారు కాదు.

నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చేది బేరింగుల లోహం. ఆ రోజుల్లో వ్యాగన్ల ఇరుసు కొసల మీద గన్‌మెటల్ బేరింగులు కూర్చునేవి. గన్‌మెటల్ అంటే నూటికి ఎనభై ఎనిమిది పాళ్ళు రాగి, పది పాళ్ళు తగరం, రెండు పాళ్ళు జింకు. రాగి తగ్గి జింకు పెరిగిందంటే కొలిమిలో రాగి దిమ్మకు బదులు ఇత్తడి తుక్కు పడిందని అర్థం.

పరీక్ష చేసే పద్ధతి ఇదీ. లోహపు రజను తూచి నైట్రిక్ ఆసిడ్‌లో కరిగిస్తే తగరం తెల్లటి మడ్డిగా విడిపోతుంది. దాన్ని వడకట్టి, కాల్చి, తూస్తాం. మిగిలిన నీలం ద్రవంలో రాగి ఉంటుంది. అందులో పొటాషియం అయొడైడ్ కలిపితే రాగి తన పరిమాణానికి తగినంత అయొడిన్‌ను విడుదల చేస్తుంది. గోధుమరంగులో ఉన్న ఆ అయొడిన్ ఎంతో తేల్చేది హైపో. అంకెలు గీసిన గాజు గొట్టం, బ్యూరెట్‌లోంచి హైపోను చుక్కచుక్కగా వదులుతాం. చివర్లో కాస్త గంజి వేస్తే ద్రవం ముదురు నీలమవుతుంది. ఇంకో రెండు చుక్కలకు ఆ నీలం పోయి మీగడ రంగు మిగులుతుంది. అక్కడ చెయ్యి ఆపి అంకె చదవాలి. పట్టిన హైపోను బట్టి రాగి ఎంతో లెక్క కట్టాలి. రాగినీ తగరాన్నీ కలిపి నూటిలోంచి తీసేస్తే మిగిలింది జింకు అని రాసేవాళ్ళం. రిపోర్టులో జింకు గడిలో ‘తేడా వల్ల’ అని ఉండేది. జింకును విడిగా తూచాలంటే ఒక పూట పడుతుంది. రోజువారీ పనిలో అంత తీరిక ఉండేది కాదు.

హైపో గురించి కొంచెం చెప్పాలి. ఫొటో స్టూడియోల వాళ్ళు వాడే పలుకులే ఇవి. అసలు పేరు సోడియం థయోసల్ఫేట్. సల్ఫేట్ అయాన్‌లో నడుమ ఒక గంధకపు పరమాణువు, దాని చుట్టూ నాలుగు వైపులా నాలుగు ఆక్సిజన్‌లు ఉంటాయి. ఆ నాలుగింటిలో ఒకదాన్ని తీసి ఆ చోట రెండో గంధకాన్ని పెడితే అది థయోసల్ఫేట్. కాగితం మీద రెండూ గంధకాలే అయినా వాటి గుణం ఒకటి కాదు. నడిమిది గట్టిగా బిగుసుకుని ఉంటుంది. బయటిది వదులుగా ఉంటుంది. అయొడిన్ ఎదురైనప్పుడు రెండు థయోసల్ఫేట్‌లు తమ బయటి గంధకాలను కలుపుకుని ఒకటవుతాయి. మా టైట్రేషన్ అంతా దాని మీదే నడుస్తుంది. కానీ ఆమ్లం తగిలితే ఆ బయటి గంధకం ఊడిపోతుంది. ఊడిన గంధకం సన్నని పొడిగా అడుగుకు చేరుతుంది. ద్రవంలో మిగిలేది సల్ఫైట్. ఒక థయోసల్ఫేట్ ఎంత అయొడిన్‌ను తింటుందో ఒక సల్ఫైట్ దానికి రెట్టింపు తింటుంది. అంటే కాస్త ఆమ్లం తగిలిన హైపో కొన్నాళ్ళపాటు బలహీనపడదు సరికదా, బలం పుంజుకుంటుంది. ఈ చివరి ముక్క నేను కాలేజీలో చదివినదే. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

హైపో ద్రావణం తయారు చేయడానికి మా దగ్గర రాసిపెట్టిన నియమం ఉండేది. జాడీని పరీక్ష చేసేవాడే తన చేత్తో స్వేదనజలంతో మూడుసార్లు కడగాలి. ద్రావణాన్ని చీకట్లో వారం రోజులు ఉంచాలి. ఆ తరవాత స్వచ్ఛమైన రాగితో సరిచూసి దాని బలం చీటీ మీద రాయాలి.

జూలై చివర్లో మా పాత జాడీ పగిలింది. ద్రావణం గచ్చు మీద పోయింది. బల్ల మీద నమూనాలు పేరుకుని ఉన్నాయి. బ్యాటరీలు చార్జి చేసే షెడ్డు నుంచి ఒక పెద్ద గాజు జాడీ తెమ్మని మా ఖలాసీ నటబర్‌ను పంపాను. నటబర్ ఒడియా మనిషి, నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. గడ్డి కూరిన ఇనప బుట్టలో ఉన్న జాడీ ఒకటి మోసుకొచ్చాడు. రైలు పెట్టెల దీపాల బ్యాటరీలకు పోసే సల్ఫ్యూరిక్ ఆసిడ్ అందులో వచ్చేది.

“కడిగావా?” అన్నాను.

“కొళాయి దగ్గర కడిగాను బాబూ” అన్నాడు.

అతను కడిగింది నిజమే. నియమం ప్రకారం ఆ తరవాత కడగవలసింది నేను. కడగలేదు. పైనుంచి చూస్తే పొడిగా కనిపించింది. హైపో కలిపి, ఆ సాయంత్రమే దాని బలం సరిచూసి, చీటీ అంటించాను. జాడీ అడుగు అంచున అరచెంచాడు ఆసిడ్ మిగిలి ఉంటుంది. ఆ చీటీ అంటించే వేళకు అది తన పని ఇంకా సరిగా మొదలుపెట్టి ఉండదు. రాత్రికీ మర్నాటికీ మధ్య పూర్తిచేసి ఉంటుంది.

నాలుగో రోజున ఒక గూడ్సు బండి వ్యాగను ఇరుసు వేడెక్కి పొగ వచ్చిందని నిమ్‌పురా యార్డు దగ్గర ఆపేశారు. మా వాళ్ళు దాన్ని ‘హాట్ బాక్స్’ అంటారు. గమనించకపోతే ఇరుసు తెగి బండి పట్టాలు తప్పుతుంది. కార్ఖానా నుంచి కొత్తగా వెళ్ళిన బేరింగు కాబట్టి దాని రజను నా బల్ల మీదికి వచ్చింది. ‘అత్యవసరం’ అని ఎర్ర చీటీ ఉంది.

రాగి ఎనభై అయిదున్నర వచ్చింది. రెండోసారి చేశాను. అంతే. తగరం సరిగ్గా పది. కాబట్టి జింకు, తేడా వల్ల, నాలుగున్నర. బ్యూరెట్‌లో ద్రవం పల్చటి మబ్బు కమ్మినట్టు ఉండడం గమనించాను. వానాకాలపు వెలుతురు అనుకున్నాను. రెండు పరీక్షలూ ఒకదానితో ఒకటి సరిపోయాయి గనక రెండూ నిజమేననుకుని సంతకం పెట్టాను. భట్టాచార్య గారు జింకు అంకె మీద వేలు పెట్టి, తూచావా, తేడానా అని అడిగారు. తేడా అన్నాను. ఒక్క క్షణం ఆగి ఆయన కూడా సంతకం పెట్టారు.

రిపోర్టు వెళ్ళిన మూడో రోజున ఇత్తడి పోత షెడ్డులో కొలిమి మిస్త్రీ పైడినాయుడును సస్పెండు చేశారు. రాగి దిమ్మలు పక్కకు తప్పించి తుక్కు వేశాడని అభియోగం. ఆయనకు యాభై దాటాయి. తండ్రి విజయనగరం వైపు నుంచి వచ్చి ఇదే కార్ఖానాలో పనిచేశాడట. నేను ఆయన్ని అప్పటిదాకా రెండుమూడు సార్లే చూశాను. గేటు పాసు తీసేసుకున్న గంటకే ఆయన మా షెడ్డుకు వచ్చాడు. మేము గోడకు బయట ఉండడంతో ఎవరూ ఆపలేదు. చేతులు కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“బాబూ, రాగి తగ్గిందని రాసినారట. మీరేనా?”

నేనేనన్నాను.

“నాను తూకమేసి దిమ్మలు పెట్టినాను. నా కళ్ళతో కరగడం సూసినాను. ఆ పోతలో ముక్క ఇరిసి సూసినా గానీ తెలిసిపోద్ది బాబూ. ఇత్తడి పడితే ఇరుపులో పసుపు సాయ కనపడతాది. అది నేదు.”

రెండుసార్లు పరీక్షించామని చెప్పాను. అప్పుడు నా గొంతులో ఏమాత్రం అనుమానం లేదని నాకు బాగా గుర్తు.

“అయితే రాగి ఏటయిపోనాది?” అన్నాడు. అది నన్ను అడిగినట్టు లేదు. గుమ్మం దిగి వెళ్ళిపోయాడు.

తరవాతి వారం రైల్వే ఆస్తికి కాపలా ఉండే వాచ్ అండ్ వార్డు జవాన్లు మథురాకాఠీలో ఆయన క్వార్టరు సోదా చేశారు. దిమ్మలేమీ దొరకలేదు. దొరికిందల్లా ఒక రాగి బిందె. పోయిన రాగితో చేయించిందేమో తేల్చమని దాన్ని ప్రయోగశాలకు పంపారు. ఒక జవాను బిందెను భుజాన పెట్టుకుని వచ్చాడు. అతని వెనక పది అడుగుల దూరంలో పైడినాయుడు భార్య గౌరమ్మ వచ్చింది. మథురాకాఠీ నుంచి మా షెడ్డు దాకా ఆ బిందె వెంటే నడిచొచ్చిందన్నమాట. వాన పడుతోంది. కొంగు నెత్తిన వేసుకుని ఉంది.

రజను తీయడానికి ఆకురాయి తీసుకున్నాను. అప్పుడామె నోరు విప్పింది.

“అడుగున గీకండి బాబూ. మూతికాడ గీకకండి, ఎత్తుకుంటే సెయ్యి కోసుకుంటాది. అది మా అమ్మ ఎట్టింది. నా పెళ్ళినాటిది. అప్పటికి ఆయన కొలిమికాడ నేడు, బొగ్గు మోసీవోడు.”

అడుగునే గీకాను. అయిపోయాక బిందె తీసుకుపోవచ్చా అని అడిగింది. ఫలితం తేలేదాకా అది మా అధీనంలో ఉండాలని చెప్పాను. రూలు అదే. ఆమె రూలుతో వాదించలేదు. మంచినీళ్ళు ఇంక దేనిలో పట్టాలో అని తనలో తాను అనుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు ఉదయం ఆ రజనును పరీక్షించాను. రాగి నూటికి తొంభై ఏడు, పైన కొంచెం. మళ్ళీ చేశాను. అదే.

బిందెలు సాగగొట్టే రాగిరేకు దాదాపు స్వచ్ఛమైన రాగి. లేకపోతే సుత్తి దెబ్బకు చీలిపోతుంది. మరి మిగిలిన మూడు పాళ్ళు ఏమిటి? తగరం కోసం చూశాను, లేదు. సీసం లేదు. ఇనుము లేదు. ఈసారి జింకును తేడా వల్ల రాయకుండా విడిగా పరీక్షించాను. ఆనవాలుకు కూడా లేదు. గన్‌మెటల్‌లో అయితే ఆ లోటుకు జింకు అనే పేరు పెట్టేశాను. ఇక్కడ పెట్టడానికి పేరు దొరకలేదు.

బీరువాలోంచి స్వచ్ఛమైన రాగితీగ తీసి, తూచి, అదే హైపోతో పరీక్షించాను. అది నూరు చూపాలి. అదీ తొంభై ఏడే చూపింది.

అప్పుడు లేచి వెళ్ళి జాడీ బిరడా తీశాను. కాల్చిన అగ్గిపుల్ల వాసన సన్నగా వచ్చింది. బుట్టలోంచి గడ్డి లాగేసి, జాడీని కిటికీ దగ్గరకు జరిపి చూశాను. గాజు అడుగున లేతపసుపు పొడి గుడ్డ పరిచినట్టు ఉంది. ఊడిపోయిన గంధకం అది. పైనున్న నీళ్ళలో సల్ఫైట్ కూర్చుని, తక్కువ చుక్కలకే అయొడిన్‌ను తినేసి, రెండు వారాలుగా నా రాగిని తక్కువ చేసి చూపుతోంది. నటబర్ నా పక్కనే నిలబడి ఆ పొడిని చూశాడు. అది ఏమిటో అతనికి తెలియదు గాని నా ముఖం చూసి సంగతి గ్రహించాడు.

“బాబూ, నేను కడిగాను” అన్నాడు మెల్లగా.

“నీది కాదు, నాది” అన్నాను. ఆ మాట వెంటనే అనగలిగాను గాని, అంతకు ముందు క్షణంలో అతని పేరు నా మనసులో మెదలలేదని అనలేను.

కొత్త జాడీని మూడుసార్లు కడిగి, కొత్త హైపో కలిపాను. వారం ఆగే వీలు లేదు గనక రాగితీగతో పూటపూటకూ సరిచూస్తూ, బేరింగు రజనులో మిగిలి ఉన్నదాన్ని మళ్ళీ పరీక్షించాను. రాగి ఎనభై ఎనిమిది. జింకు, ఈసారి తూచి, రెండు. కొలిమిలో ఏ లోపమూ లేదు. పైడినాయుడు పెట్టిన దిమ్మలన్నీ ఆ బేరింగులోనే ఉన్నాయి.

కాగితాలన్నీ తీసుకుని భట్టాచార్య గారి గదిలోకి వెళ్ళాను. మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఆయన అంతా విని, జాడీ దగ్గరకు వచ్చి, గాజు కడ్డీతో అడుగు నుంచి ఆ పొడి కాస్త తీసి గుడ్డకు రాసి, గుడ్డ కొస అంటించి వాసన చూశారు. గంధకమే. తిరిగి వచ్చి కూర్చున్నారు.

ఆయన చెప్పింది ఇదీ. నమూనాలో ఎగుడుదిగుడు ఉందని రాసి, మళ్ళీ రజను తెప్పించి, రెండో రిపోర్టు సక్రమంగా పంపితే సరిపోతుంది. అభియోగం దానంతటదే పడిపోతుంది. ప్రయోగశాల మాట మీద కార్ఖానా అంతా నడుస్తోంది, ఆ నమ్మకం ఒకసారి చెదిరితే తిరిగి నిలబెట్టడం కష్టం. ఆయన నన్ను కాపాడబోయారనీ, తనను తాను కూడా కాపాడుకోబోయారనీ ఈనాడు అర్థమవుతుంది. అందులో నాకు కపటం కనిపించలేదు. ప్రయోగశాల గౌరవం గురించి ఆయన నిజంగానే ఆలోచించారు.

ఆ గదిలో నిలబడి ఒక్కటే ఆలోచించాను. నమూనా ఎగుడుదిగుడు అని రాస్తే, పోతలో ఒకచోట తుక్కు పడిందనీ ఇంకోచోట పడలేదనీ చదువుకుంటారు. పైడినాయుడు తిరిగి వస్తాడు, కానీ అనుమానం కూడా ఆయనతోపాటే కొలిమి దగ్గరకు వస్తుంది. పైగా ఆ రెండు వారాల్లో అదే హైపోతో చేసిన మిగతా రిపోర్టులు కూడా తప్పే. వాటిని వెనక్కి పిలవాలంటే కారణం చెప్పి తీరాలి. నేను అంతగా ధైర్యవంతుణ్ణి కాను. ఊళ్ళో మా ఇల్లు గడిచేది నా ఒక్కడి ఉద్యోగం మీదే. అయినా జాడీ సంగతి రాస్తానని చెప్పాను.

“నీ సర్వీసు రికార్డులో పడుతుంది” అన్నారు ఆయన.

పడనివ్వండన్నాను.

ఆయన కాగితం తీసి నా ముందుకు తోశారు. నేను రాస్తున్నంతసేపూ ఎదురుగా కూర్చున్నారు. జాడీ నేను కడగలేదని, వారం ఆగలేదని, మబ్బుగా ఉన్న ద్రావణాన్ని గమనించీ వాడానని, జింకును తూచకుండా రాశానని రాశాను. ఆ రిపోర్టులన్నీ రద్దు చేయాలని కోరాను. నటబర్ పేరు అందులో లేదు. అడుగున భట్టాచార్య గారు తన చేత్తో ఒక వాక్యం చేర్చారు. జింకు తేడా వల్ల వచ్చిందని తెలిసీ తాను సంతకం చేశానని. ఆ వాక్యం రాయమని ఆయన్ని ఎవరూ అడగలేదు.

ఉత్తరం వెళ్ళినంత త్వరగా ఉత్తర్వు రాలేదు. మా ఉత్తరం ముందు వర్క్స్ మేనేజరు కార్యాలయానికి, అక్కడి నుంచి విచారణాధికారికి, ఆయన నుంచి మళ్ళీ వెనక్కి తిరిగింది. ఈలోగా హాట్ బాక్స్ కారణం కూడా తేలింది. ఇరుసుపెట్టెలో నూనె పట్టి ఉంచే ఊలు ఎండిపోయిందట. మొత్తం మీద పైడినాయుడు ఇరవై ఆరు రోజులు గోడకు బయట ఉన్నాడు. బిందెను మాత్రం నేను మా ఉత్తరం వెళ్ళిన రోజునే రసీదు రాసి పంపించేశాను.

సస్పెన్షను ఎత్తేసిన సాయంత్రం మథురాకాఠీ వెళ్ళాను. ఇంటి ముందు మంచం మీద పైడినాయుడు కూర్చుని ఉన్నాడు. లేవబోతే వద్దన్నాను. తప్పు నాదేనని, అది ఎలా జరిగిందో వీలైనంత తేలిక మాటల్లో చెప్పాను. ఆసిడ్ తగిలితే హైపో ఎలా చెడుతుందో కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు.

“మందునీళ్ళ మాట నాకు తెల్దు బాబూ. నా కొలిమిలో కూడా తప్పులవుతాయి. మూస పగులుద్ది, పోత చెడిపోద్ది. పొరపాటు సేయనోడు ఎవుడున్నాడు? గానీ ఒకమాట. ఆ కాయితం రాసే ముందు నన్ను పిలిసి, నాయుడూ, దీనిలో ఏటేసినావు అని అడగవలిసింది. ఒక్కమాట. ఎవుడూ అడగనేదు.”

 అడగాలన్న ఆలోచన నాకు రాలేదు. అడగడం మా పద్ధతిలో లేదు కూడా.

గౌరమ్మ లోపలి నుంచి టీ తెచ్చి ఇచ్చింది. ఆమె నావైపు చూడలేదు. గుమ్మంలో నిలబడి మొగుడితో అంది, “ఆ మాట కూడా సెప్పు. ఆ బాబుకి తెలవాలి కదా.”

 ఆయన చెప్పాడు.

కొలిమి దగ్గర ఆయనకు చేతికింద పనిచేసేవాడు గౌరమ్మ తమ్ముడు సన్యాసి. పైడినాయుడే పెంచి, పనిలో పెట్టించాడు. రాగి తగ్గిందని కార్ఖానా వాళ్ళు కాగితం చూపించి, రెండుసార్లు పరీక్షించామని నేనూ చెప్పాక, తన కళ్ళను కాదని ఆ కాగితాన్నే ఆయన కూడా నమ్మాడు. తాను తీయలేదు. తాను కాకపోతే దిమ్మలు అందుకునేవాడు ఇంకొక్కడే. సస్పెండయిన అయిదో రోజున సన్యాసిని ఇంటికి పిలిచి, నిజం చెప్పమని నిలదీశాడు. తెలియదంటే కొట్టాడు. వీధిలో అందరూ చూస్తుండగా కొట్టాడు.

“ఆడు తిరగబడనేదు బాబూ. నా కాళ్ళకి దండం పెట్టి ఎల్లిపోనాడు. మీ కాయితం అబద్ధం ఆడదనుకున్నాను. ఆడు ఆడతాడనుకున్నాను.”

సన్యాసి బదిలీ అడిగి వేరే స్టేషనుకు వెళ్ళిపోయాడని అప్పటికే తెలిసింది. పైడినాయుడు తరవాత మనిషిని పంపాడు, ఉత్తరం రాయించాడు. గౌరమ్మ తానే స్వయంగా వెళ్ళొచ్చింది. అతను అక్కగారికి అన్నం పెట్టాడట గాని, ఖరగ్‌పూర్ మాట ఎత్తితే లేచి బయటికి పోయాడట. నాకు తెలిసినంతవరకు అతను తిరిగి రాలేదు.

నా విషయానికొస్తే, సర్వీసు రికార్డులో అభిశంసన రాశారు. తరవాతి పదోన్నతి నా వెనక చేరినవాళ్ళకు ముందు వచ్చింది. భట్టాచార్య గారు రిటైరయ్యేదాకా దాని గురించి నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. అయితే ఆ నెలలోనే రెండు ఉత్తర్వులు వేశారు. ఎవరి మీదైనా అభియోగానికి దారితీసే రిపోర్టులో ఏ లోహాన్నీ తేడా వల్ల రాయకూడదు. అలాంటి నమూనాను ఇద్దరు అసిస్టెంట్లు వేరువేరు ద్రావణాలతో పరీక్షించాలి. నేను రెండోసారి చేసిన పరీక్ష మొదటిదాన్ని బలపరచలేదని, అదే తప్పును ఇంకోసారి రాసిందని ఆయన మాతో ఒక్కసారి అన్నారు. పైడినాయుడు ఇంకా ఆరేళ్ళు కొలిమి దగ్గర పనిచేశాడు. నమూనాలు ఆయనే స్వయంగా తెచ్చి ఇచ్చేవాడు. ఆయన తెచ్చిన ప్రతిసారీ ఇందులో ఏమేశారని అడిగేవాణ్ణి. ఆయన వరసగా చెప్పేవాడు, నేను రాసుకునేవాణ్ణి. అంతకు మించి మా మధ్య మాటలు ఉండేవి కావు.

తరవాతి కాలంలో ఒక పుస్తకంలో చదివాను. థయోసల్ఫేట్‌లోని రెండు గంధకాలూ ఒకటి కాదని రేడియోధార్మిక గంధకంతో రుజువు చేశారట. గుర్తు పెట్టిన గంధకాన్ని సల్ఫైట్‌కు తగిలించి థయోసల్ఫేట్ చేసి, మళ్ళీ ఆమ్లం పోస్తే, తగిలించిన ఆ గంధకమే ఊడి అడుగున పడిందట. సల్ఫైట్‌లో దాని జాడ మిగలలేదట. ఆ పేజీ నాకు కొత్త సంగతేమీ చెప్పలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. పరీక్ష చేసేవాడు పొరపాటు పడడం సహజం. దాన్ని తన చేత్తో రాసి ఒప్పుకోవడం గొప్పతనం కాదు, పనిలో భాగం. కానీ ఒప్పుకున్నంత మాత్రాన జరిగింది వెనక్కి రాదు. రిపోర్టును రద్దు చేయవచ్చు. దాన్ని నమ్మి మనుషులు చేసిన పనులను రద్దు చేసే ఉత్తర్వు ఏ కార్యాలయంలోనూ లేదు. అందుకని అనుమానం సంతకానికి ముందే రావాలి. నాది పది రోజులు ఆలస్యంగా వచ్చింది.